మిషిగన్ అవెన్యూలో మేకుల గోడ

షికాగో వెళ్లిన తెలుగువాళ్లలో మిషిగన్ అవెన్యూ తొక్కనివాళ్లు ఉండరు. 111 నంబరు దగ్గర పచ్చబారిన రెండు కంచు సింహాలు, వాటి వెనక ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. 1893 సెప్టెంబరు 11న వివేకానందస్వామి మాట్లాడింది ఆ భవనంలోనే. దాని ముందున్న రోడ్డు ముక్కకు ఆయన పేరే పెట్టారు. నేపర్‌విల్‌లో ఉండే మా అమ్మాయి, మేం దిగిన మొదటి శనివారమే అక్కడికి తీసుకెళ్లి, సింహం పక్కన మమ్మల్ని నిలబెట్టి ఫొటో తీసింది. అదే రోడ్డు వెంట దక్షిణంగా సుమారు ఆరు కిలోమీటర్లు పోతే 3831 నంబరు వస్తుంది. అక్కడొక మూడంతస్తుల ఇటుక మేడ. ఆ మేడలో ఒక గోడ చూశాను. ఇది రాయడానికి కూర్చున్నది ఆ గోడ కోసమే.

ముప్పై రెండేళ్లు రాజమండ్రిలో పిల్లలకు డ్రాయింగు నేర్పినవాణ్ణి. ఏ ఊరు వెళ్లినా ముందు బొమ్మలెక్కడున్నాయో వెతుక్కుంటాను. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ రోజు నన్ను కదలనివ్వనిది ఆర్చిబాల్డ్ మోట్లీ 1943లో వేసిన 'నైట్‌లైఫ్'. గదంతా ముదురు గులాబీ వెలుగు. కిక్కిరిసిన జనం, అందరూ నల్లజాతివాళ్లే, ఆడుతున్నారు, తాగుతున్నారు, కబుర్లలో పడ్డారు. ఏ ఇద్దరి ఒంటి రంగూ ఒకటి కాదు. నలుపులో ఇన్ని రంగులు చూసిన చేయి ఎవరిదా అని దగ్గరగా వెళ్లి నిలబడ్డాను. అక్కడ కాపలా ఉన్న పెద్దాయన నన్ను కాసేపు గమనించి దగ్గరికొచ్చారు. ఆ బొమ్మలో ఉన్నది తమ పేటేననీ, దాని పేరు బ్రాంజ్‌విల్ అనీ చెప్పారు. "అక్కడా ఒక గ్యాలరీ ఉంది. ఇదే రోడ్డు మీద. మావాళ్లు చిల్లర పోగేసి కొన్నారు దాన్ని. చూసి వెళ్లండి" అన్నారు. సౌత్ సైడ్ కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్ అని నా చేతిలోని టిక్కెట్టు వెనకే రాసిచ్చారు.

రాత్రి భోజనాల దగ్గర ఆ పేరు ఎత్తగానే మా అల్లుడు చేయి ఆపేశాడు. "సౌత్ సైడా మామయ్యగారూ! అటు ఎవరూ వెళ్లరండీ" అన్నాడు. భయపెట్టాలని కాదు, మా మీద బెంగతోనే అన్నాడు. అతనికి అలా ఎవరో చెప్పారు, వాళ్లకు ఇంకెవరో చెప్పారు. అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో ఈ మాట చాలాచోట్ల విన్నాను, ఊరు పేరొక్కటే మారుతుంది. మా అమ్మాయి మాత్రం కంచం ముందు కాసేపు ఊరుకుని, "పదేళ్లయింది నాన్నా ఇక్కడికొచ్చి. నేనూ ఒక్కసారీ వెళ్లలేదు. వచ్చే శుక్రవారం సెలవు పెడతాను, ఇద్దరం వెళ్దాం" అంది.

నేపర్‌విల్‌లో మెట్రా రైలెక్కి యూనియన్ స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి నడిచి ఆడమ్స్ వాబాష్ దగ్గర గ్రీన్ లైన్ పట్టుకున్నాం. రోడ్డుకు పైన, ఇనుప స్తంభాల మీద పోయే రైలది. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ పక్క వీధిలో ఎక్కితే మూడో స్టేషనే 35వ వీధి బ్రాంజ్‌విల్. దిగే ముందు రైలు పొడుగాటి ఉక్కు గొట్టంలో దూరి బయటికొస్తుంది. రెమ్ కూల్‌హాస్ గీసిన కాలేజీ భవనం మీదుగా, రైలు మోత కింద పిల్లలకు వినపడకుండా ఆ గొట్టం కట్టారట. స్టేషన్ పక్కనే ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ. మీస్ వాండెర్ రో కట్టిన క్రౌన్ హాల్ అక్కడే ఉంది, 1956 నాటిది, అంతా గాజూ ఉక్కూ. ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు దేశదేశాల నుంచి దాన్ని చూడ్డానికే వస్తారు. మేమూ వెళ్లి చూశాం. అందంగానే ఉంది. కానీ ఆ గాజు మేడ నిలబడ్డ నేల మీద 1952 దాకా మెక్కా ఫ్లాట్స్ అనే పెద్ద అపార్ట్‌మెంట్ ఉండేది. వందల నల్లజాతి కుటుంబాలు కాపురమున్న భవనం. వాళ్లను ఖాళీ చేయించి, పడగొట్టి, ఇది కట్టారు. కవయిత్రి గ్వెండొలిన్ బ్రూక్స్ 1968లో 'ఇన్ ది మెక్కా' అని ఒక పుస్తకమే రాసింది ఆ భవనం మీద. ఆ సంగతి తెలిసి చూస్తే గాజు వేరేగా కనిపిస్తుంది.

అక్కడి నుంచి దక్షిణంగా నడక. బూడిదరంగు రాతి ఇళ్లు, వీధి గుమ్మాలకు ఎత్తయిన మెట్లు. ఒకచోట రెండిళ్లు చక్కగా ఉంటే పక్కన ఇల్లుండాల్సిన జాగాలో గడ్డి మొలిచి ఉంటుంది, ఊడిన పళ్ల వరసలా. మెట్ల మీద కూర్చున్న ఒకావిడ మమ్మల్ని చూసి చేయి ఊపింది. మా అమ్మాయి కాస్త ఆలస్యంగా, కానీ నవ్వుతూ చేయి ఊపింది.

ఈ పేట ఎలా పుట్టిందో చెప్పకపోతే ఆ మేడ సంగతి అర్థం కాదు. 1910 నుంచి 1970 దాకా దక్షిణాది రాష్ట్రాల్లోంచి దాదాపు 60 లక్షలమంది నల్లజాతివాళ్లు ఉత్తరాది ఊళ్లకు తరలిపోయారు. పత్తి చేలల్లో బతుకు సాగక, అవమానాలు భరించలేక, ప్రాణభయంతో. మిసిసిపీ నుంచి వచ్చేవాళ్లు ఇల్లినాయ్ సెంట్రల్ రైలెక్కి షికాగోలో దిగేవారు. దిగాక, ఊరంతా తిరిగినా ఇల్లు దొరికేది ఒక సన్నటి పట్టీలోనే. మిగతా వీధుల్లో నల్లవాళ్లకు అమ్మబోం, అద్దెకివ్వబోం అని దస్తావేజుల్లోనే రాసుకునేవారు. అలాంటి కాగితాలను కోర్టులు అమలు చేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది 1948లో. అంతదాకా ఒక మనిషి ఉండాల్సిన చోట నలుగురు. ఆ ఇరుకులోంచే పత్రికలు, బ్యాంకులు, పాటలు, బొమ్మలు వచ్చాయి. బొమ్మలు వేసినవాళ్లలో కొందరు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ బడిలోనే చదువుకున్నారు. చదువు దొరికింది. వేసినవి తగిలించుకోవడానికి ఊళ్లో గోడ దొరకలేదు.

1930లలో ఆర్థికమాంద్యం వచ్చినప్పుడు అమెరికా ప్రభుత్వం పని లేనివాళ్లకు పనులు కల్పించింది. చిత్రకారులకూ జీతాలిచ్చింది. 1935లో మొదలైన ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్టు కింద దేశంలో వందకు పైగా ఆర్ట్ సెంటర్లు వెలిశాయి. షరతు ఒకటే: పంతుళ్ల జీతాలు, మరమ్మతు ఖర్చులు సర్కారువి, ఇల్లు మాత్రం ఊరివాళ్లు కొనుక్కోవాలి. బ్రాంజ్‌విల్ వాళ్లు విందులు పెట్టారు, 'ఆర్టిస్ట్స్ అండ్ మోడల్స్ బాల్' అని నాట్యోత్సవాలు చేశారు, టిక్కెట్లమ్మారు. 'మైల్ ఆఫ్ డైమ్స్' అని ఇంకో పని చేశారు. డైము అంటే పది సెంట్ల నాణెం. మైలు పొడవునా పరవడానికి సరిపడా డైములు పోగుచేయాలని. ఇరవైల్లో ఉన్న మార్గరెట్ అనే అమ్మాయి డబ్బా పట్టుకుని వీధి మూలన నిలబడి వచ్చేపోయేవాళ్లను అడిగేది. తర్వాత రోజుల్లో మార్గరెట్ బరోస్‌గా పేరు తెచ్చుకున్నది ఆవిడే. ఈ మైలు లెక్క నేను రైల్లోనే వేసి చూశాను. డైము వెడల్పు 18 మిల్లీమీటర్ల కన్నా ఒక వెంట్రుకవాసి తక్కువ. మైలు నిండాలంటే సుమారు 90 వేల నాణేలు కావాలి. తొమ్మిది వేల డాలర్లన్నమాట. మాంద్యంలో, పది సెంట్లకు రొట్టె వచ్చే రోజుల్లో, బొమ్మలు తగిలించుకునే గోడ కోసం.

వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం పెట్టినవాళ్లూ, ఊరూరా తిరిగి చందాలతో గ్రంథాలయాలు నిలబెట్టిన మన పెద్దలూ గుర్తొచ్చారు నాకు. ఇలాంటి పని ఎలా జరుగుతుందో మనకు తెలియంది కాదు.

వాళ్లు కొన్న ఇల్లు 1890లలో ఒక ధాన్యం వ్యాపారి కట్టుకున్న మేడ. 1940 చివర్లో సెంటర్ తలుపులు తెరిచింది. 1941 మే 7న అధ్యక్షుడి భార్య ఎలియనార్ రూజ్‌వెల్ట్ వచ్చి ప్రారంభోత్సవం చేశారు. సర్కారు ప్రాజెక్టు 1943లో మూతపడింది. అలా పుట్టిన వందకు పైగా సెంటర్లలో పుట్టిన ఇంట్లోనే పుట్టిన పని చేస్తూ మిగిలినవి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. వాటిలో మొదటి వేలు ఇదే.

గంట నొక్కితే తలుపు తీసిన అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. టిక్కెట్టు లేదు, తోచింది వేయమని ఒక పెట్టె చూపించింది. ఎడం వైపు తిరిగితే పొడుగాటి హాలు. మార్గరెట్ బరోస్ పేరే పెట్టారు దానికి.

గ్యాలరీ గోడ అంటే మనం ఎరిగింది తెల్లటి సున్నం గోడ. ప్రదర్శన అయిపోగానే మేకులు పీకి, చిల్లులు పూడ్చి, మళ్లీ తెల్లరంగు కొడతారు. నిన్న అక్కడ ఎవరున్నారో ఈ రోజు ఆనవాలుండదు. ఇక్కడ గోడ కర్రది. కింది నుంచి పైదాకా నిలువుగా బిగించిన పలకలు, తేనెరంగుకు తిరిగాయి. హిట్లర్ కాలంలో జర్మనీ నుంచి బౌహౌస్ బడి పంతుళ్లు చెల్లాచెదురైనప్పుడు వాళ్లలో కొందరు షికాగోలో 1937లో 'న్యూ బౌహౌస్' పెట్టారు. ఆ బడికి చెందిన హిన్ బ్రెడెన్‌డీక్, నేథన్ లెర్నర్ అనే ఇద్దరు ఈ హాలు రూపం గీశారు. పాత మేడలోని నగిషీలు తీసేసి, సాదా కర్ర గోడ పెట్టారు. బొమ్మ ఎక్కడ కావాలంటే అక్కడ మేకు కొట్టుకోవచ్చు.

కొట్టుకున్నారు. ఎనభై ఏళ్లు కొట్టారు. నేను కళ్లద్దాలు తీసి, గోడకు జానెడు దూరంలో మొహం పెట్టి చూశాను. కంటి ఎత్తున ఉన్న పలకల మీద అరచెయ్యి ఆనిస్తే దాని కింద చిన్నా పెద్దా చిల్లులు ఇరవై దాకా ఉన్నాయి. కొన్ని సన్నం, గుండుసూది దిగినంత. కొన్ని వేలిగోరు పట్టేటంత, ఏదో బరువైన చట్రం వేలాడి కిందికి సాగినవి. కొన్నిచోట్ల రెండు చిల్లులు పక్కపక్కనే, మొదటి దెబ్బ వంకర పోతే పీకి మళ్లీ కొట్టిన గుర్తు. పైకి పోయేకొద్దీ పలచబడ్డాయి, కింద మోకాలి ఎత్తున కూడా ఉన్నాయి. పిల్లల బొమ్మలు తగిలించినవేమో అనుకున్నాను. ముప్పై రెండేళ్లు నేనూ క్లాసు గోడకు పిల్లల బొమ్మలు తగిలించాను, వాళ్ల కళ్లకు అందేలా కిందికే కొట్టేవాణ్ణి మేకు.

"ఇవి పూడ్చరా అమ్మా?" అని అడిగించాను మా అమ్మాయి చేత. పూడ్చరట. మరమ్మతులు ఎన్ని చేసినా ఈ గోడ జోలికి ఎవరినీ రానివ్వరట.

ఆ చిల్లుల్లో ఎవరెవరివి ఉన్నాయి! చార్ల్స్ వైట్ ఇక్కడ బొమ్మలు వేయడం నేర్పాడు. అతణ్ణి పెళ్లాడిన ఎలిజబెత్ క్యాట్లెట్ ఇక్కడే రాతిమీద అచ్చు తీయడం నేర్చుకుని, తర్వాత గొప్ప శిల్పి అయింది. ఎల్డ్‌జియర్ కోర్టర్, మోట్లీ ఇక్కడివాళ్లే. కింద నేలమాళిగలోని చీకటిగదిలో గార్డన్ పార్క్స్ ఫొటోలు కడుక్కున్నాడు. ఇక్కడి ప్రదర్శన చూసే అతనికి రోజెన్‌వాల్డ్ ఫెలోషిప్ ఇచ్చారు. ఆ డబ్బుతో వాషింగ్టన్ వెళ్లి 1942లో చీపురు పట్టుకుని జెండా ముందు నిలబడ్డ, ఊడ్చి తుడిచే పని చేసే ఆవిడ ఫొటో తీశాడు. ఆ ఫొటో తెలియని ఫొటోగ్రాఫర్ ఉండడు. ఈ మేడలో జరిగిన కవిత్వం క్లాసుకు వచ్చి కూర్చున్న గ్వెండొలిన్ బ్రూక్స్‌కు 1950లో పులిట్జర్ వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి రచయిత ఆవిడే. వీళ్లలో ఎవరూ పేరు తెచ్చుకున్నాక ఇక్కడికి రాలేదు. పేరు లేనప్పుడు వచ్చారు. ఇంకో చోటుకు వెళ్లే వీల్లేక వచ్చారు.

పాత పేర్లు చదువుకుని మురిసిపోయి వెళ్లిపోయే చోటైతే ఇంత రాయనక్కర్లేదు. ఆ రోజు ఆ గోడ మీద వేలాడుతున్నవి ఇప్పటివాళ్లవి, ఆ చుట్టుపక్కల ఉండే యువకులవి. ఒక బొంత ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. అవును, మన బొంతే. పనిబట్టలు, జీన్ ప్యాంట్లు, ఆస్పత్రి యూనిఫారాలు, పోస్టాఫీసు చొక్కాల ముక్కలు కలిపి కుట్టిన బొంత. జేబులు జేబుల్లాగే ఉంచేసింది కుట్టినావిడ. ఒక జేబులోంచి బస్సు టిక్కెట్టు అంచు బయటికి కనిపిస్తోంది, ఇంకో జేబు పెన్నుమరకతో నీలంగా ఉంది. మోకాళ్ల దగ్గర బట్ట వెలిసిపోయి, నేల తుడిచిన మోకాళ్లు ఎవరివో అచ్చుపడ్డట్టు రెండు తెల్లటి గుండ్రాలు. కుట్టు దూరం దూరంగా, పొడవాటి టాకాలు. మా అమ్మ పాత చీరలతో వేసిన కుట్టు సరిగ్గా అదే. దగ్గరికెళ్లి చూస్తే టాకా టాకాకీ మధ్య ఎడం సమానం. మొదట చూసినప్పుడు మొరటు పని అనిపిస్తుంది, కాదు. కొలిచి కుట్టింది.

మా అమ్మాయి పక్కకొచ్చి, "ఇది కూడా ఆర్టేనా నాన్నా?" అని నెమ్మదిగా అడిగింది. వెక్కిరింపు లేదు, నిజంగానే అడిగింది. "నువ్వు పుట్టినప్పుడు నానమ్మ నీకు కుట్టిన బొంత ఏమైందో తెలుసా?" అన్నాను. తెలియదంది. నాకూ తెలియదు. చిరిగిపోయాక ఏ తలుపు దగ్గరో కాళ్లు తుడుచుకునే పట్టా అయి ఉంటుంది. దాన్ని గోడకు తగిలించి నాలుగు అడుగులు వెనక్కి జరిగి చూడాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు, డ్రాయింగు మాస్టారినైన నాకూ తోచలేదు. అలా తోచడానికి ఒక గోడ కావాలి. ఆ గోడ మనింటికి నడిచి వెళ్లే దూరంలో ఉండాలి, దాని గుమ్మం మనల్ని చూసి మొహం చిట్లించకూడదు. అప్పుడు పక్కింటి పోస్ట్‌మ్యాన్ కూడా లోపలికొచ్చి తన చొక్కా బట్టను గుర్తుపడతాడు. మేం ఉండగానే ఒక పెద్దాయన చేతిసంచితో వచ్చి, ఆ బొంతలో తన పాత ఆఫీసు చొక్కా రంగు ఉందని తలుపు తీసిన అమ్మాయికి చూపించి, రెండు నిమిషాలు నిలబడి వెళ్లిపోయాడు. మ్యూజియంలో అంత చనువుగా నిలబడ్డవాళ్లను నేను చూడలేదు.

బయటికొచ్చి రోడ్డు దాటితే దాదాపు ఎదురుగానే 3806. మార్గరెట్ బరోస్ ఇల్లు. ఆవిడా నాలాగే బడిలో బొమ్మల పాఠం చెప్పారు. డుసేబుల్ హైస్కూల్లో రెండు దశాబ్దాలకు పైగా పనిచేశారు. 1950ల మొదట్లో, కమ్యూనిస్టులని అనుమానమొస్తే ఉద్యోగాలు పోయే కాలంలో, ఏడాది సెలవు పెట్టి మెక్సికో వెళ్లి లినోలియం పలక చెక్కి అచ్చు తీసే విద్య నేర్చుకొచ్చారు. ఆ అచ్చుల్లో ఎక్కువ పిల్లల మొహాలే. ఒక్కొక్కటీ పదీ పాతికా డాలర్లకే ఇచ్చేవారని ఆ పేటవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1961లో తమ ఇంటి కింది గదుల్లోనే నల్లజాతి చరిత్రకు మ్యూజియం పెట్టారు భర్తతో కలిసి. అది పెరిగి 1973లో వాషింగ్టన్ పార్కుకు మారింది, డుసేబుల్ మ్యూజియం అని ఈ రోజుకీ నడుస్తోంది. 2010లో ఆవిడ పోయారు. ఒక మనిషి తన జీవితంలో రోడ్డుకు ఆ పక్కొకటీ ఈ పక్కొకటీ రెండు సంస్థలను నిలబెట్టి వెళ్లింది. మెట్ల కింద నిలబడి ఆ ఇంటికి నమస్కారం పెట్టాను.

తిరుగు ప్రయాణం మూడో నంబరు బస్సులో, కింగ్ డ్రైవ్ మీదుగా. 26వ వీధి దగ్గర రోడ్డు మధ్యలో ఒక కంచు మనిషి నిలబడి ఉంటాడు, చేతిలో తాడుకట్టిన పెట్టె. అలిసన్ సార్ 1996లో చేసిన బొమ్మ. దక్షిణాది నుంచి రైలు దిగినవాళ్ల జ్ఞాపకం. దిగి చూశాం. అతని సూటు బట్టతో కుట్టింది కాదు, అరిగిపోయిన చెప్పుల అడుగులు పొలుసుల్లా పేర్చి చేసింది. మొహం ఊరివైపు ఉంది. మా అమ్మాయి ఆ పెట్టె వైపు చూస్తూ, "నేనొచ్చినప్పుడు మీరిచ్చిన రెండు సూట్‌కేసులు ఇంకా గరాజ్‌లో ఉన్నాయి నాన్నా" అంది.

రాజమండ్రిలో దామెర్ల రామారావు గ్యాలరీ ఉంది. 28 ఏళ్లు నిండకుండా 1925లో మశూచితో పోయిన మనిషి. ఆయన వేసిన బొమ్మలు ఇంకా ఊళ్లో ఉన్నాయంటే భార్య, స్నేహితులు, శిష్యులు కళ్లల్లో పెట్టుకుని దాచబట్టే. ఏటా ఒకసారి పిల్లల్ని అక్కడికి నడిపించుకెళ్లేవాణ్ణి. దారిలో ఎవరినైనా అడిగితే, అదెక్కడుందో చెప్పగలిగినవాళ్లు తక్కువ. ఇప్పటి కుర్రాళ్లు వేసేవి తగిలించుకోవడానికి ఊళ్లో ఇంకో గోడ ఉందా అంటే, కల్యాణమండపాలున్నాయి, గోడ లేదు. పదిమంది ఉపాధ్యాయులం ఈ ఉగాదికి కూర్చుని, ఒక పాత ఇంటి ముందు గది అద్దెకు తీసుకోవాలని అనుకున్నాం. గోడకు కర్ర పలకలే బిగించమని వడ్రంగికి చెప్పాను.

షికాగో చుట్టుపక్కల ఉన్న పిల్లలకు ఒక మాట. మీ అమ్మానాన్నలు వచ్చినప్పుడు అరోరా బాలాజీ గుడికి తీసుకెళ్తారు, సింహాల దగ్గర ఫొటో తీస్తారు. ఇంకొక్క పూట ఉంచుకోండి. ఏ రోజుల్లో తెరుస్తారో, మరమ్మతులేమైనా జరుగుతున్నాయేమో ముందే కనుక్కుని గ్రీన్ లైన్ ఎక్కండి, 35వ వీధిలో దిగండి. మెట్ల మీద కూర్చున్నవాళ్లు చేయి ఊపితే మీరూ ఊపండి. ఆ పెట్టెలో కనీసం ఒక డైము వేసి రండి.